పొట్ట కింది గీతలు

ఆర్డిత్ క్లెమ్ తన సొంత ఇంట్లోనే ఒక గదిలోకి ఆరేళ్లపాటు అడుగు పెట్టలేదు. బట్టలుతికే మిషను పక్కన చిన్న గది అది. ఒకప్పుడు ఆమె అందులో టొమాటో సీసాలూ బీన్సు సీసాలూ సర్దుకునేది. భర్త వెర్లిన్ ఒకరోజు సీసాలన్నీ వంటింట్లోకి చేరవేసి, ఆ గదిలో పామును పెట్టాడు. ఆనాటినుంచి మిషనులో బట్టలు వేసేటప్పుడు కూడా ఆమె ఆ తలుపుకు వీపు తిప్పే నిలబడేది.

వెర్లిన్ గ్యాసు లారీ తోలేవాడు. చలికాలమంతా మిస్సోరి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పెరట్లో ఉండే ట్యాంకులు నింపేవాడు. ఆ నాలుగు నెలలూ అతని చేతులు పగిలి, మంచుకు గట్టిపడిన తోలులా ఉండేవి. సాయంత్రం ఇంటికి రాగానే ఆ చేతుల్లోకి పామును తీసుకునేవాడు. అది బంతి కొండచిలువ. భయమేస్తే కాటు వేయదు, పారిపోదు, తల మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. అతనిది మామూలు గోధుమరంగుది కాదు. తల గోధుమరంగే, దాని మీద నల్లటి చారలు. మెడ దిగిందో లేదో అక్కడినుంచి ఒళ్లంతా తెలుపు, రంగు వేస్తున్నవాడికి మధ్యలో రంగు అయిపోయినట్లు. మళ్లీ తోక దగ్గర రెండు మచ్చలు. పాములు పెంచేవాళ్లు అలాంటిదాన్ని పైడ్ అంటారు. మెడ దగ్గర మొదలయ్యే ఆ తెలుపు, పాస్టర్లు మెడకు పెట్టుకునే తెల్లపట్టీలా ఉందని వెర్లిన్ దానికి పాస్టరు అని పేరు పెట్టాడు.

“మన చర్చి పాస్టరు గారు వింటే ఏమనుకుంటారు?” అని అడిగింది ఆర్డిత్ గుమ్మం ఇవతలినుంచే.

“ఏమనుకుంటారు? తన ప్రసంగానికి నిద్రపోకుండా కూచునేది ఊళ్లో ఇదొక్కటే అనుకుంటారు” అన్నాడు వెర్లిన్.

అతనికి ఒకటే కోరిక ఉండేది. రెండు ఆడవాటిని తెచ్చి పాస్టరుకు జత చేయాలి, ఆ తెలుపు తన ఇంట్లో పుట్టడం చూడాలి. దానికోసం చల్లదనం పోయిన పాత ఫ్రిజ్జును ఒకదాన్ని తెచ్చి, లోపల వెచ్చదనానికి తీగలు పరిచి, గుడ్లు పొదిగే పెట్టెగా మార్చాడు. ఆడవాటికని కాఫీ డబ్బాలో నోట్లు వేస్తూ వచ్చాడు. ఒకరోజు భోజనాల దగ్గర, పళ్లెంలోని ఆలుగడ్డ ముద్ద మీద ఫోర్కుతో రెండు గీతలు గీశాడు.

“ఇదిగో, ఇట్లా ఉంటాయి. తోక దగ్గర, పొట్ట కింద. రైలు పట్టాల్లాగా పక్కపక్కన రెండు. పైకి మామూలు పాములా ఉన్నా సరే, ఈ గీతలుంటే లోపల తెలుపు దాచుకుందన్నమాటే.”

“అన్నం ముందు పాము పొట్టలేంటి, తిను” అంది ఆమె.

అతను నవ్వుతూ ఆ గీతల్ని తినేశాడు. ఆ ఫిబ్రవరిలో, లారీ దిగి వచ్చి వంటింటి కుర్చీలో కూర్చుని, ఒక బూటు తాడు విప్పాడు. రెండోది విప్పలేదు.

చావింటికని చర్చి ఆడవాళ్లు తెచ్చి పెట్టిన వంటకాల గిన్నెలు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేసిన రోజున ఆర్డిత్‌కు హఠాత్తుగా గుర్తొచ్చింది. ఆ గదిలో ఉన్నదానికి పదకొండు రోజులుగా ఎవరూ నీళ్లు మార్చలేదు.

తలుపు తీసింది. పాస్టరు పెట్టెలో ఓ మూల చుట్టుకుని ఉంది. నీళ్ల గిన్నె సగం ఎండింది. ఆమె గిన్నె తీయబోతే చేతి వెనక చల్లగా, ఆరిన పట్టుగుడ్డలా ఏదో తగిలింది. చెయ్యి లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదో ఆమెకే తెలియదు. పాము మెల్లిగా ఆమె మణికట్టు చుట్టూ చేరి, వెచ్చదనం దొరికిన చోట ఆగింది. ఒక్కో పొలుసూ వేరువేరుగా, ఎవరో సూదిలో దారం ఎక్కించి కుట్టినంత వరసగా ఉంది. ఆ తెలుపులో లోపల ఎక్కడో లేత గులాబి రంగు. ఆరేళ్లు ఇది తన గోడ అవతలే ఉంది. తను వీపు తిప్పుకుని నిలబడింది. ఆర్డిత్ నేలమీద కూర్చుండిపోయి చాలాసేపు లేవలేదు.

వెర్లిన్ చెల్లెలు నెల్డా పక్క వీధిలోనే ఉంటుంది. నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఆర్డిత్ పామును ఉంచుకుంటోందని విని తల పట్టుకుంది.

“వదినా, అమ్మెయ్యి దాన్ని. అన్నయ్యకు అమ్మిన ఆ ఓరిన్ టీగే మళ్లీ కొనుక్కుంటానన్నాడు కదా ఫోనులో. మంచి ధర ఇస్తాడు.”

“అమ్మను. ఆడవి కొంటాను.”

“ఏమన్నావూ?”

“మీ అన్నయ్య పొదిగే పెట్టె చేసి పెట్టాడు నెల్డా. ఖాళీగా ఉంది.”

అక్టోబరులో పాముల సంతకు నెల్డాయే కారు తీసింది.

జిల్లా సంత మైదానంలోని పెద్ద షెడ్డు అది. ఆగస్టులో అక్కడ గుమ్మడికాయలకూ కుట్టు దుప్పట్లకూ బహుమతులిస్తారు. ఇప్పుడు బల్లల నిండా మూతపెట్టిన ప్లాస్టిక్ గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో పాము పిల్ల. ఆర్డిత్ గుమ్మంలోనే ఆగిపోయింది. పసుపు, నారింజ, బూడిదరంగు, చాక్లెటు రంగు. చారలవి, చుక్కలవి, ఏ గుర్తూ లేకుండా నున్నగా ఉన్నవి. దుప్పట్ల పోటీలో కూడా ఇన్ని నమూనాలు ఆమె చూడలేదు. ఇవన్నీ ఒక్క జాతేనా అనుకుంది. ఒక్క జాతే.

ఓరిన్ టీగ్ డెబ్బై ఏళ్ల మనిషి, తెల్ల మీసం, చొక్కా జేబులో కళ్లద్దాలు. ఆమెను చూసి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. వెర్లిన్ గురించి రెండు మాటలన్నాడు, టోపీ తీసి. తర్వాత పని మాట.

“చూడు చెల్లెమ్మా. ఆ తెలుపు రావాలంటే తల్లి దగ్గరా తండ్రి దగ్గరా రెండు చోట్లా ఉండాలి. తండ్రి సంగతి సరే, మీ పాస్టరు ఉన్నాడు. మగది ఒక్కటి మంచిదుంటే నాలుగు ఆడవాటికి సరిపోతుంది. అందుకని ఆడవాటి దగ్గర అంత ఖరీదు పెట్టక్కర్లేదు. పైకి తెల్లగా లేకపోయినా లోపల దాచుకుని ఉంటే చాలు. అట్లాంటిదాన్ని మేం హెట్ అంటాం.”

“లోపల దాచుకుందని ఎట్లా తెలుస్తుంది?”

“అమ్మానాన్నల్లో ఒకటి పైడ్ అయితే ఖాయం. లేదంటే దాని కడుపున పిల్లలు పుట్టేదాకా దేవుడికి తెలియాలి.”

బల్ల మీద ఒక చివర తెల్ల ఆడపిల్ల ఉంది. ధర చూసి నెల్డా ఈల వేసింది. మధ్యలో ఖాయంగా హెట్ అని రాసినది ఒక్కటే మిగిలింది. ఇటు చివర ఎనిమిది గిన్నెలు వరసగా ఉన్నాయి. వాటి తల్లి హెట్, తండ్రి మామూలుది. ఎనిమిది అక్కచెల్లెళ్లలో సగం దాచుకుని ఉండొచ్చు, సగం ఉండకపోవచ్చు. ఏది ఏదో చెప్పలేడు గనక ఒక్కోటి నలభై డాలర్లకే ఇస్తున్నాడు.

కాఫీ డబ్బాలో ఉన్నది రెండు వందల ఎనభై. పెట్టెలకూ ఎలుకలకూ పోగా ఖాయమైనది ఒకటి వస్తుంది. ఆర్డిత్ ఆ గిన్నె చేతిలోకి తీసుకుంది.

“ఇది తిన్నదా?”

ఓరిన్ మీసం దువ్వుకున్నాడు. “అడిగావు గనక చెప్తున్నా. తనంతట తాను ఇంకా తినలేదు. నేనే నోట్లో పెట్టి తినిపించా. మొదటిసారి కొనేవాళ్లు రంగు అడుగుతారు చెల్లెమ్మా, నువ్వు తిండి అడిగావే.”

“నలభై ఏళ్లు కోడిపెట్టల్ని కొన్నాను ఓరిన్ గారూ.”

ఆమె ఆ పిల్లను కూడా కోడిపెట్టను చూసినట్లే చూసింది. చేతిలో ఎంత బరువుగా ఆనుతోంది, వేలును ఎంత గట్టిగా పట్టుకుంటోంది, కళ్లు తేటగా ఉన్నాయా, తోక కింద శుభ్రంగా ఉందా. ఖాయమైనది చేతిలో తడిగుడ్డలా వేలాడింది. దాన్ని మెల్లగా గిన్నెలో పెట్టేసి, ఇటు చివర ఎనిమిదింటి దగ్గరికి వచ్చింది. ఇవన్నీ అయిదేసి సార్లు తిన్నవే. ఒక్కొక్కదాన్ని ఎత్తి వెల్లకిలా తిప్పడం మొదలుపెట్టింది.

ఓరిన్‌కు అర్థమైంది. “వెర్లిన్ చెప్పాడా?”

“ఆలుగడ్డ మీద గీసి చూపించాడు.”

“ఆ గీతల్ని నమ్మేవాళ్లున్నారు, నవ్వేవాళ్లున్నారు. నేను మధ్యలో ఉంటా.”

అయిదోదాన్ని తిప్పేసరికి ఆమె ఆగిపోయింది. ముత్యంలా మెరిసే పొట్ట మీద, తోకకు కొంచెం పైన, ఎవరో సన్నటి పెన్సిలుతో గీసినట్లు రెండు నల్లటి గీతలు పక్కపక్కన సాగిపోతున్నాయి. ఆ సాయంత్రం పళ్లెంలోని గీతలే. ఆర్డిత్ దాన్ని మళ్లీ గిన్నెలో పెట్టలేదు.

“ఒకటి చాలదు, రెండుండాలి” అన్నాడు ఓరిన్. “ఆడది ఒక్కటే ఉంటే అది అలిగిందంటే ఆ ఏడాది అంతే.”

“మిగిలినవాటికి గీతలు లేవు” అంది ఆమె, తక్కిన మూడింటినీ కూడా తిప్పి చూసి.

అప్పటిదాకా చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డ నెల్డా ముందుకొచ్చి ఒక గిన్నెను వేలితో తట్టింది. అందులోది అటు తిరిగి గోడ చూస్తోంది. గిన్నెను ఇటు తిప్పితే అది మళ్లీ అటు తిరిగింది.

“ఇది అచ్చం మా అమ్మే. ఎవరొచ్చినా మొహం అటు. దీన్ని తీసుకో వదినా, నలభై నేనిస్తా. మా ఇంటి కళ ఉంది దీంట్లో.”

ఆర్డిత్ దాన్ని మరోసారి వెల్లకిలా తిప్పి చూసింది. పొట్ట తెల్ల కాగితంలా ఉంది, ఒక్క గీత లేదు. అయినా వద్దనలేదు, నెల్డా పాము కోసం పర్సు తీయడం జన్మలో మళ్లీ చూడబోదు గనక. గీతలదానికి పెర్ల్ అనీ, అలిగినదానికి హేజెల్ అనీ ఇంటికొచ్చే దారిలో పేర్లు పెట్టారు.

“ఇంతకూ పిల్లలెప్పుడు?” అంది నెల్డా స్టీరింగ్ తిప్పుతూ.

“బరువు పదిహేను వందల గ్రాములు దాటాలట. మూడేళ్లు.”

“మూడేళ్లా? పెద్దదాన్నే కొనొచ్చుగా, వెంటనే గుడ్లు పెట్టేది?”

“దానికి డబ్బు కావాలి. నా దగ్గర ఉన్నవి ఏళ్లే.”

అలా మొదలైంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆర్డిత్ ఫ్రీజరులో బఠాణీల సంచి పక్కనుంచి గడ్డకట్టిన ఎలుకల్ని తీసి, ఆపిల్ పై అనే తీపి రొట్టె చేసే పాత గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెట్టేది. ఆ గిన్నె మీద నెల్డా ఎర్ర రంగుతో పెద్ద గుర్తు వేసింది, పొరపాటున తనకు ఆపిల్ పై అందులో పెట్టకుండా. రొట్టెల పిండి తూచే కాటా మీద గుడ్డ పరిచి, నెలకోసారి ఇద్దరినీ తూచి, వంటింటి క్యాలెండరు మీద రాసేది. వెర్లిన్ పోయిన నెల క్యాలెండరులో ఏమీ రాసి లేదు. ఇప్పుడు ప్రతి పేజీలోనూ రెండు అంకెలు.

పెర్ల్ పెట్టింది పెట్టినట్లు తిని పెరిగింది. హేజెల్ మొదటి చలికాలమే తిండి మానేసింది. నవంబరు, డిసెంబరు, జనవరి. ఆర్డిత్ భయపడి ఓరిన్‌కు ఫోను చేస్తే, “పెట్టె మార్చకు, చోటు మార్చకు, మాటిమాటికీ ఎత్తకు. ఊరికే ఉండటమే దాని మందు” అన్నాడు.

ఊరికే ఉండటం ఎలాగో ఆ సంవత్సరం ఆమెకు బాగా తెలుసు. కుర్చీ వేసుకుని హేజెల్ పెట్టె పక్కన బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చునేది. తిండి లేకుండా అయిదు నెలలు. బరువు పెద్దగా తగ్గలేదు. ఉన్న కొంచెంతో లోపల దీపం తగ్గించి పెట్టుకుని బతకడం ఈ చిన్న ప్రాణికి ఎవరు నేర్పారా అని ఆశ్చర్యపోయేది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం హేజెల్ గోడవైపునుంచి ఇటు తిరిగి, ఎలుకను తీసుకుంది. ఆ పూట ఆర్డిత్ కూడా పళ్లెంలో ఏదీ మిగల్చకుండా తిన్నది. అలా తిని ఏడాది దాటింది.

మూడో శరదృతువుకు పెర్ల్ బరువు సరిపోయింది. పాస్టరును దాని పెట్టెలోకి వదిలి, మూత వేసి, ఆర్డిత్ సిగ్గుపడి గదిలోంచి వచ్చేసింది.

“పెళ్లికొడుకే పాస్టరయితే ప్రమాణాలు ఎవరు చేయించారు వదినా?” అంది నెల్డా.

“నీ నోటికి తలుపు ఎవరు చేయించాలో అది చెప్పు ముందు.”

మార్చిలో పెర్ల్ నడుం ఒక్కరోజులో ఉబ్బింది, మొత్తం రొట్టెను మింగినట్లు. మే నెలలో ఒక పొద్దున ఆర్డిత్ మూత తీస్తే, పెర్ల్ ఎన్నడూ లేనంత బిగువుగా చుట్టుకుని ఉంది. ఆ చుట్ల సందులోంచి తెలుపు కనబడింది. ఆరు గుడ్లు, ఒకదానికొకటి అంటుకుని. కోడిగుడ్ల పెంకులా గట్టిగా లేవు. కొత్త చేతితొడుగు తోలులా మెత్తగా, పట్టుకుంటే వేలికి అణిగేలా ఉన్నాయి. చిన్నప్పుడు తండ్రి పొలంలో కోడిగుడ్లను రోజుకు మూడుసార్లు అటూ ఇటూ దొర్లించిన చేతులు ఆమెవి. ఆ చేతులు వాటంతటవే దొర్లించబోయాయి. పాము గుడ్డును దొర్లిస్తే లోపలిది మునిగిపోతుందని ఓరిన్ పదిసార్లు చెప్పాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, పెన్సిలుతో ఒక్కో గుడ్డు పైన చిన్న సున్నా చుట్టింది, ఏది పైవైపో తప్పిపోకుండా.

వెర్లిన్ పెట్టెలో, ఎనభై తొమ్మిది ఫారెన్‌హీట్ డిగ్రీల వెచ్చదనంలో వాటిని పెట్టింది. తర్వాత గది చీకటి చేసి, టార్చి లైటును గుడ్డుకు ఆనించింది. గుడ్డంతా వెలిగింది. లోపల ఎర్రటి నరాలు, పైనుంచి చూస్తే నదీ దాని పాయలూ ఎలా ఉంటాయో అలా, ఎటు చూసినా పాకి ఉన్నాయి. చల్లదనం పోయిందని ఎవరో వీధిలో పారేసిన ఫ్రిజ్జులో ఆరు నదులు పారుతున్నాయి.

ఇంకో పని మిగిలింది. గుడ్లు తీసేశాక తల్లి వాటి వాసన పట్టుకుని ఖాళీ చోటునే చుట్టుకుని కూర్చుంటుంది, తిండి ముట్టదు. అందుకని తల్లిని గోరువెచ్చటి నీళ్లతో కడగాలి, పెట్టె కూడా కడగాలి. ఆర్డిత్ పెర్ల్‌ను తొట్టిలో పెట్టి పసిపిల్లకు పోసినట్లు నీళ్లు పోసింది. వాసన పోయేదాకా కడిగింది. గుమ్మం పక్కన మేకుకు వెర్లిన్ పని కోటు అలాగే వేలాడుతోంది. నాలుగేళ్లుగా ఆమె దాన్ని ఉతకలేదు. ఆ రోజు కూడా ఉతకలేదు. కానీ మేకు మీంచి తీసి తొడుక్కుని, పెర్ల్‌కు ఎలుక పెట్టడానికి వెళ్లింది. పెర్ల్ తిన్నది.

యాభై ఏడో రోజున గుడ్లు చీలాయి. మూడు రోజుల్లో ఆరుగురూ బయటికి వచ్చారు. ఆరుకు ఆరూ గోధుమరంగు. ఎక్కడా చుక్కంత తెలుపు లేదు.

ఓరిన్ వచ్చి చూశాడు. “తండ్రి పైడ్ గనక ఈ పిల్లలు ఖాయంగా హెట్లే, వీటికి మంచి ధరే వస్తుంది. కానీ చెల్లెమ్మా, తల్లి దాచుకునుంటే సగానికి సగం తెల్లగా రావాలి. ఆరింట్లో ఒక్కటీ రాలేదంటే పెర్ల్ దగ్గర లేదనే అనుకోవాలి.”

“గీతలున్నాయి కదా.”

“ఉన్నాయి. గీతలు ఊరికే గీతలు కూడా అవుతాయి.”

ఆమె మొహం చూసి అతనే మళ్లీ అన్నాడు. “వీటిలో ఆడవాటిని ఉంచుకో. మూడేళ్లు పెంచి పాస్టరు దగ్గర పెట్టు. తెలుపు తప్పకుండా వస్తుంది.”

“కూతుళ్లను తండ్రి దగ్గర పెట్టమంటారా?”

“వాటికి వరసలు తెలియవమ్మా. అందరం చేసేదే.”

“వాటికి తెలియదు, నాకు తెలుసుగా” అంది ఆర్డిత్. “అది నా వల్ల కాదు.”

పిల్లల్ని ఓరిన్‌తోనే సంతకు పంపేసింది. పోతూ అతను, పాస్టరును ఇవ్వాలనుకుంటే ఇప్పటికీ తీసుకుంటానన్నాడు. నెల్డా ఈసారి వేళాకోళం చేయలేదు. “నీకు చేతనైంది చేశావు వదినా. అన్నయ్య ఉన్నా ఇంతకంటే చేసేవాడు కాదు” అంది.

ఆర్డిత్‌ను కుదిపింది తెలుపు రాకపోవడం ఒక్కటే కాదు. వెర్లిన్ అంత ధీమాగా గీసి చూపించాడు. ఆ గీతల్ని పట్టుకుని ఆమె నాలుగేళ్లు నడిచింది. తప్పు చెప్పావేమయ్యా అని అడగడానికి మనిషి లేడు. వారం రోజులు ఆ గది తలుపు తీసి నీళ్లు మార్చి, వెంటనే మూసేసింది. ఎనిమిదో రోజున నీళ్లు మారుస్తుంటే, పక్క పెట్టెలో గోడవైపు తిరిగి ఉన్న హేజెల్ కనబడింది. దాన్ని కాటా మీద పెట్టింది. పన్నెండు వందల నలభై.

“ఇంకొక్క ఏడాది” అని చెప్పింది నెల్డాకు. “నువ్వు నలభై డాలర్లు పెట్టావు. అది తేలాలి కదా.”

ఆ చలికాలం హేజెల్ తిండి మానలేదు. జనవరికి బరువు చేరింది, ఆర్డిత్ పాస్టరును దాని పెట్టెలోకి వదిలింది. జూన్‌లో హేజెల్ నాలుగు గుడ్లు పెట్టింది. వారం తిరక్కుండానే ఒకటి పసుపు తిరిగి కుంగిపోయింది. మూడు మిగిలాయి. ఆర్డిత్ మూడింటి మీదా సున్నాలు చుట్టి, నదులు చూసి, హేజెల్‌ను కడిగింది. ఈసారి పొట్ట తిప్పి చూడలేదు.

ఆగస్టులో, యాభై ఎనిమిదో రోజు మధ్యాహ్నం నెల్డా పెరటి టొమాటోలు తీసుకుని వచ్చింది. ఆర్డిత్ పొదిగే పెట్టె ముందు కుర్చీలో కూర్చుని ఉంది. పక్కకు జరిగి చోటిచ్చింది. మూడు గుడ్లకూ సన్నటి చీలికలు. ఒక్కో చీలికలోంచి ఒక్కో తల, బొటనవేలి గోరంత, బయటి గాలిని మొదటిసారి నాలుకతో తాకి చూస్తోంది. మూడూ గోధుమరంగు తలలే.

నెల్డా టొమాటోలు కింద పెట్టింది. “మళ్లీ అవే వదినా” అంది మెల్లగా.

“తల చూసి చెప్పలేం. పాస్టరు తల మాత్రం తెలుపా?”

“అయితే ఆ పెంకు కొంచెం చించి చూద్దాం. ఓరిన్ వాళ్లు కత్తెరతో కోస్తారని నువ్వే చెప్పావుగా.”

“కోస్తారు.”

“మరి?”

“అయిదేళ్లు ఆగాను నెల్డా. అది లోపల ఇంకా తల్లి పెట్టిన పచ్చసొన తాగుతోంది. తాగనీ.”

నెల్డా గొణుక్కుంటూనే రాత్రి భోజనానికి ఉండిపోయింది, సోఫా మీదే పడుకుంది, తన ఇల్లు పక్క వీధిలోనే అయినా. పొద్దున ఆర్డిత్ కాఫీ పెడుతుంటే ఆ గదిలోంచి పిలుపు వచ్చింది. పిలుపు కాదు, “వదినా” అన్న ఒక్క మాట, చర్చిలో మాట్లాడినంత చిన్నగా.

ఆర్డిత్ చేతులు తుడుచుకుంటూ వెళ్లింది. ఒక గుడ్డు ఖాళీ, గోధుమరంగు పిల్ల ఒకటి దాని పక్కన ఉంది. రెండో గుడ్డు కూడా ఖాళీ. తడిసిన ఆ పెంకుల మధ్యనుంచి గోధుమరంగు తల ఒకటి ముందుకు వస్తోంది. దాని వెనక మెడ, మెడ మీద పట్టీ. అక్కడితో రంగు ఆగిపోయింది. తర్వాత వచ్చిందంతా తెలుపు. అంగుళం వెనక అంగుళం, తోక కొస దాకా, మధ్యలో వేలిముద్దరంత ఒక్క మచ్చ.

వంటింట్లో కాఫీ పొంగిన చప్పుడయింది. ఎవరూ కదల్లేదు.

కాసేపటికి ఆర్డిత్ చెయ్యి కింద పెట్టింది. పిల్ల వేలు ఎక్కి, అరచేతి మధ్యకు వచ్చి, భయపడి, తల లోపలికి దాచుకుని చుట్టుకుపోయింది. ఇప్పుడు గోధుమరంగు కనబడటం లేదు. ఆమె అరచేతిలో ఒక తెల్లటి ఉండ ఉంది, మళ్లీ గుడ్డయిపోయినట్లు. దాని ఊపిరి ఆమె చర్మానికి తెలుస్తోంది.

నెల్డా హేజెల్ పెట్టె మూత తీసి, దాన్ని ఎత్తి, జీవితంలో మొదటిసారి పాము పొట్ట తిప్పి చూసింది. తెల్ల కాగితం. ఒక్క గీత లేదు.

“అయితే అన్నయ్య చెప్పింది తప్పేనన్నమాట.”

“గీతల సంగతి తప్పే” అంది ఆర్డిత్, అరచేతిలోంచి కళ్లు తీయకుండా. “మన ఇంట్లో పుడుతుందని కూడా చెప్పాడు.”

నెల్డా కూడా హేజెల్ లాగే మొహం అటు తిప్పుకుంది. కళ్లు తుడుచుకుని, అటు తిరిగే అడిగింది.

“ఆ మూడోది ఎప్పుడొస్తుంది?”

మూడోది ఇంకా చీలికలోంచి తల బయటపెట్టి చూస్తోంది. ఆర్డిత్ ఒక చేత్తో తెల్ల ఉండను అలాగే పట్టుకుని, ఇంకో చేత్తో రెండో కుర్చీని దగ్గరికి లాగింది.

“కూచో” అంది.